డాక్టర్ సలహా: కువైట్‌కు మాత్రలు పంపే ముందు ఆ కాలి వాపు సంగతి చూడండి

ప్రశ్న: మాది కోనసీమలో మలికిపురం దగ్గర ఊరు. మా అమ్మకు 44 ఏళ్ళు. కువైట్‌లో ఒకరింట్లో పనిచేస్తోంది. ఏడాదిగా నెలసరి సరిగ్గా రావడం లేదు, వస్తే పది పన్నెండు రోజుల దాకా ఆగడం లేదు. మెడికల్ షాపులో అడిగి నోరెథిస్టిరాన్ మాత్రలు తీసుకుని, ఊరి నుంచి వెళ్ళేవాళ్ళ చేత పంపుతున్నాము. వేసుకుంటే ఆగుతోంది, మానేస్తే మళ్ళీ మొదలవుతోంది. రెండు నెలలుగా రోజుకు మూడు చొప్పున వాడుతోంది. ఈ మధ్య నీరసంగా ఉంటోందనీ, మేడ మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందనీ చెబుతోంది. నాలుగు రోజులుగా ఎడమ పిక్క వాచి నొప్పి పెడుతోందట, నిలబడి పనిచేయడం వల్లనే అంటోంది. షాపులో ఇప్పుడు ట్రానెగ్జామిక్ యాసిడ్, మెఫినమిక్ యాసిడ్ కలిసిన మాత్రలు ఇచ్చారు. పక్కింటావిడ శుక్రవారం బయలుదేరుతోంది. ఆమె చేత పంపవచ్చా? కువైట్‌లో తెలుగు తెలిసిన లేడీ డాక్టరును ఎలా కనుక్కోవాలి? లేకపోతే సెలవు పెట్టించి ఇంటికి రప్పించమంటారా?
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు మూడు ప్రశ్నలు అడిగారు గాని, నన్ను ఆందోళన పెట్టిన విషయాన్ని మాత్రం మాట వరసకు చెప్పి వదిలేశారు. ఒక్క ఎడమ పిక్కే వాచి నొప్పి పెట్టడం, అదే సమయంలో ఆయాసం రావడం, పైగా రెండు నెలలుగా హార్మోను మాత్రలు వాడుతూ ఉండడం, ఈ మూడూ ఒకే మనిషిలో కనబడినప్పుడు కాలి లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని, అందులోంచి ముక్క ఊడి ఊపిరితిత్తులకు చేరిందేమోనని ఏ వైద్యుడైనా ముందుగా అనుమానిస్తాడు. నిలబడి పనిచేయడం వల్ల వచ్చే వాపు సాధారణంగా రెండు కాళ్ళకూ వస్తుంది, రాత్రి పడుకుని లేచేసరికి చాలావరకు తీసిపోతుంది. అమ్మగారిది గడ్డ కాకపోవచ్చు, ఆయాసం కేవలం రక్తహీనత వల్ల వచ్చినది కావచ్చు. మనిషిని చూడకుండా, కాలు పట్టి చూడకుండా ఇక్కడి నుంచి నేను తేల్చి చెప్పగలిగినది కాదు. అయితే గడ్డ లేదని పరీక్షలో తేలే వరకు ఉందనే భావించి నడుచుకోవాలి.

కాబట్టి ఈ జవాబు చదివిన వెంటనే అమ్మగారికి ఫోన్ చేసి, ఈ రోజే దగ్గరలోని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్ళమని చెప్పండి. ఉన్నట్టుండి ఆయాసం ఎక్కువైనా, గాలి లోపలికి పీల్చినప్పుడు ఛాతీలో పొడిచినట్టు నొప్పి వచ్చినా, దగ్గులో రక్తం కనబడినా, కళ్ళు తిరిగి పడిపోయినా 112కు ఫోన్ చేయాలి. కువైట్‌లో అంబులెన్సుకు, పోలీసుకు ఆ నంబరే. ఈలోగా వాచిన కాలికి కొబ్బరినూనె రాసి మర్దనా చేయించుకోవద్దని ప్రత్యేకంగా చెప్పండి. మన వైపు కాలు పట్టేసిందంటే ముందు చేసే పని అదే, గడ్డ ఉన్న కాలికి చేయకూడని పనీ అదే. వైద్యుడు చూసే వరకు నోరెథిస్టిరాన్ మాత్ర మరొకటి వేసుకోవద్దు. ఆపిన రెండు మూడు రోజుల్లో రక్తస్రావం మళ్ళీ మొదలయ్యే అవకాశం ఉంది, ఆ మాట కూడా వైద్యుడికి ముందే చెప్పాలి. అక్కడ కాలికి డాప్లర్ స్కానింగ్ (సిరల్లో రక్తం ఎలా పారుతోందో చూసే స్కానింగ్), రక్త పరీక్షలు, అవసరమనుకుంటే ఛాతీకి సీటీ స్కాన్ చేస్తారు.

ఇక మాత్రల విషయం. నోరెథిస్టిరాన్ మంచి మందే, మేమూ రాస్తాము. అయితే చికిత్స మోతాదులో వాడినప్పుడు అందులో కొంత భాగం శరీరంలో ఈస్ట్రోజెన్ జాతి హార్మోనుగా మారుతుంది, దానివల్ల రక్తం గడ్డకట్టే ముప్పు కొంత పెరుగుతుంది. అందుకే రాసే ముందు బరువు ఎంత, బీపీ ఎంత, పొగతాగే అలవాటు ఉందా, ఇంతకుముందు మీకు గాని మీ ఇంట్లో ఎవరికైనా గాని గడ్డలు వచ్చాయా అని అడుగుతాము. షాపు కౌంటరు దగ్గర ఈ ప్రశ్నలు ఎవరూ అడగరు. ఇప్పుడు మీరు పంపాలనుకుంటున్న ట్రానెగ్జామిక్ యాసిడ్ సంగతి ఇంకా సూటిగా చెప్పాలి. కట్టిన గడ్డను శరీరం తనంతట తాను కరిగించుకునే పనిని అడ్డుకోవడం ద్వారానే ఆ మందు రక్తస్రావాన్ని తగ్గిస్తుంది. కాలిలో గడ్డ ఉందేమోనన్న అనుమానం ఉన్న మనిషికి దాన్ని ఇవ్వకూడదు. శుక్రవారం పక్కింటావిడ చేత ఆ మాత్రలు పంపకండి.

ఇంటి నుంచి మాత్రలు పంపే అలవాటు గురించి కొంచెం కటువుగానే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు నుంచి, గోదావరికి అవతల నరసాపురం, పాలకొల్లు వైపు నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారి కుటుంబాలు నా దగ్గరకు వస్తూనే ఉంటాయి, దాదాపు ప్రతి ఇంట్లోనూ ఇదే వరస. ఇమో వీడియో కాల్‌లో మాట్లాడుతూ అక్కడి మనిషి బాధ చెబుతుంది, ఇక్కడి మనిషి షాపుకు వెళ్ళి ఆ బాధను తన మాటల్లో చెబుతుంది, షాపతను ఒక మాత్ర ఇస్తాడు, అది ఆవకాయ సీసాతో, పూతరేకులతో కలిసి సంచిలో విమానం ఎక్కుతుంది. మాత్ర పనిచేయకపోతే నష్టం తక్కువే, ఎందుకంటే మనిషి విసిగి ఆసుపత్రికి వెళుతుంది. సగం పనిచేస్తేనే ప్రమాదం. అమ్మగారి విషయంలో జరిగినది అదే. రక్తస్రావం ఆగినట్టే కనబడుతూ వచ్చింది గనుక ఏడాదిగా ఒక్క స్కానింగైనా చేయించకుండా గడిచిపోయింది.

ఆ మాత్రలు ఎలా వెళతాయో కూడా చూడండి. బరువు తగ్గుతుందని అట్టపెట్టెలు తీసేస్తారు. షీటును కత్తెరతో మూడు ముక్కలుగా కత్తిరించి సర్దుతారు. గడువు తేదీ ఒక ముక్క మీద, మందు అసలు పేరు మరో ముక్క మీద ఉండిపోతాయి, ఆ ముక్కలోని మాత్రలు అయిపోగానే అది చెత్తబుట్టలోకి పోతుంది. రేపు అత్యవసర విభాగంలో వైద్యుడు ఏం వాడుతున్నావని అడిగితే అమ్మగారు తెల్లటి చిన్న మాత్ర అని తప్ప ఏమీ చెప్పలేరు. మన బ్రాండు పేర్లు చాలావరకు అక్కడివారికి తెలియవు, షీటు వెనుక చిన్న అక్షరాలతో ఉండే అసలు పేరే వారికి పనికొస్తుంది. దీనికి తోడు ట్రమడాల్, ప్రీగాబాలిన్, కోడీన్ కలిసిన దగ్గు మందు, నిద్ర మాత్రలు వంటివాటి మీద గల్ఫ్ దేశాలలో కఠినమైన నియంత్రణ ఉంది. మన దగ్గర నడుము నొప్పికి, కాళ్ళ తిమ్మిర్లకు మామూలుగా రాసే మందులే సరైన కాగితాలు లేకపోతే అక్కడ విమానాశ్రయంలో కేసు అవుతాయి. సంచిలో ఏముందో తెలియకుండా మోసుకెళ్ళిన పక్కింటావిడే అప్పుడు ఇరుక్కుంటుంది.

ఫోన్‌లోనే మందు చెప్పమని కొందరు అడుగుతుంటారు. మన దేశంలో 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు దేశం వెలుపల ఉన్న రోగులకు వర్తించవు. కాబట్టి రిపోర్టు చూసి దాని అర్థమేమిటో చెప్పగలను గాని, కువైట్‌లో ఉన్న మనిషికి అమలాపురం నుంచి చీటీ రాయలేను. రాసినా అది అక్కడి ఫార్మసీలో చెల్లుతుందని అనుకోవద్దు.

డాక్టరును కనుక్కోవడం మీరు అనుకున్నంత కష్టం కాదు. తెలుగు తెలిసిన లేడీ డాక్టరే కావాలని వెతుకుతూ కూర్చోవడం మాత్రం ఆలస్యానికి మరో పేరు. కువైట్‌లో నివసించే ప్రాంతాన్ని బట్టి ప్రభుత్వ క్లినిక్ ఉంటుంది, సివిల్ ఐడీ (అక్కడి నివాసుల గుర్తింపు) కార్డు మీద ఉన్న చిరునామా ప్రకారం అక్కడ చూస్తారు, అవసరమైతే పెద్దాసుపత్రికి రాసి పంపుతారు. ఫర్వానియా, సాల్మియా, ఫహాహీల్, అబ్బాసియా ప్రాంతాలలో భారతీయ వైద్యులు ఉన్న ప్రైవేటు క్లినిక్కులు ఉన్నాయి, గైనకాలజిస్టులూ ఉంటారు. ఏ ఆసుపత్రికి వెళ్ళినా కేరళ నర్సు ఒకరైనా కనబడతారు, అమ్మగారికి వచ్చిన నాలుగు ముక్కల హిందీతో పని జరుగుతుంది. మాటల కంటే కాగితం నయం. ఇంగ్లిషు తెలిసిన మీరే ఒక కాగితం మీద వయసు, బరువు, రక్తస్రావం ఎప్పటి నుంచి ఎలా ఉంటోంది, నెలసరి చివరిసారి ఎప్పుడు వచ్చింది, వాడిన మందు అసలు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్ని, ఎన్నాళ్ళు, బీపీ, షుగరు ఉన్నాయా, ఏ మందైనా పడదా, పిక్క ఏ రోజు నుంచి వాచింది, ఇవన్నీ రాసి ఫొటో తీసి పంపండి. హార్మోను మాత్రలు వాడిన సంగతి, కాలి వాపు సంగతి పైన మొదటి రెండు వరుసల్లో ఉండాలి. గర్భ పరీక్ష చేస్తామంటే అమ్మగారు నొచ్చుకోవద్దు. రక్తస్రావంతో వచ్చిన ఆ వయసు స్త్రీలందరికీ మేము ఇక్కడా చేయిస్తాము.

యజమానురాలు పంపదేమోనన్న భయం మీ ఉత్తరంలో రాయలేదు గాని, సెలవు మాట ఎత్తారంటే ఆ భయం ఉన్నట్టే తోస్తోంది. కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు గృహ కార్మికుల చట్టం ప్రకారం ఇంటి పనివారి మందులు, చికిత్స యజమాని బాధ్యత. ఆ చట్టాన్ని ఎత్తి చూపి పోట్లాడమని నేను చెప్పను, అలసటగా ఉందన్న మాట పట్టించుకోని ఇల్లు కూడా కాలిలో రక్తం గడ్డ ఉండవచ్చని డాక్టరు అన్నాడంటే సాధారణంగా కారు తీస్తుంది, కాబట్టి ఆ మాటే చెప్పమనండి. అయినా కదలకపోతే కువైట్‌లోని భారత రాయబార కార్యాలయాన్ని అమ్మగారు, విదేశాల్లోని భారతీయుల ఫిర్యాదుల కోసం మన ప్రభుత్వం నడిపే మదద్ పోర్టల్‌ను మీరు ఆశ్రయించవచ్చు, ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్ఆర్‌టీ సంస్థ వారికి కూడా చెప్పవచ్చు. అయితే అర్జీకి జవాబు వచ్చే దాకా ఆగేంత వ్యవధి ఈ కాలి వాపుకు ఉండకపోవచ్చు గనుక, ఆయాసం పెరిగితే ఎవరి అనుమతి కోసమూ చూడకుండా 112కు ఫోన్ చేయాలి.

ఇంటికి రప్పించడం ఇప్పుడే వద్దు. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే విమాన ప్రయాణమే గడ్డకట్టే ముప్పును పెంచుతుంది, ఆ పైన హైదరాబాదు నుంచి రాత్రంతా బస్సు. గడ్డ ఉండి, చికిత్స మొదలుకాకుండా ఆ ప్రయాణం చేయడం ప్రాణం మీదకు తెచ్చుకోవడమే. గడ్డ లేదని తేలినా, ఉంటే చికిత్స కుదురుకున్నా, అక్కడి వైద్యుడు ప్రయాణానికి సరేనన్నాకే టికెట్టు తీయండి.

రక్తస్రావం సంగతి దాని తర్వాత. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువైతే రక్తహీనత, 8 కంటే తక్కువైతే అది తీవ్రమైనది. మెట్లు ఎక్కితే ఆయాసమంటున్నారు గనుక అమ్మగారిది బాగా తగ్గి ఉండవచ్చు. పొత్తికడుపు స్కానింగ్, థైరాయిడ్ పరీక్ష చేయించాలి. ఈ వయసులో ఇన్ని నెలల అస్తవ్యస్త రక్తస్రావానికి గర్భాశయం లోపొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించవలసి రావచ్చు. ఎక్కువమందిలో గడ్డలు గాని, హార్మోన్ల తేడా గాని బయటపడతాయి, కొద్దిమందిలో మాత్రం క్యాన్సరుకు దారితీసే మార్పులు కనబడతాయి, అది ముందే తెలియడం కోసమే ఆ పరీక్ష. గర్భాశయంలో వచ్చే ఈ గడ్డలు వేరు, కాలిలో కట్టే రక్తపు గడ్డ వేరు, రెండింటినీ కలిపి కంగారు పడకండి. కాలిలో గడ్డ ఉందని తేలితే రక్తం పలచబడే మందులు ఇస్తారు, వాటితో నెలసరి రక్తస్రావం ఇంకా పెరగవచ్చు. ఆ రెండింటినీ ఒకేసారి సర్దుకు రావడానికి అక్కడి ఫిజీషియన్, గైనకాలజిస్టు కలిసి చూడాలి, ఇక్కడి నుంచి నేను గాని, మీ షాపతను గాని చేయగలిగినది కాదు.

డిశ్చార్జి కాగితాలు, స్కానింగ్ రిపోర్టులు, వాడిన మందుల చీటీ అన్నీ అమ్మగారు అడిగి తీసుకోవాలి, అరబిక్‌లో ఉన్నవాటికి ఇంగ్లిషు ప్రతి కూడా అడగాలి. ఇక్కడికి వచ్చాక ఏ ఆసుపత్రిలో చూపించినా, అమలాపురమైనా కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి (జీజీహెచ్) అయినా, మొదట అడిగేవి అవే. రక్తం పలచబడే మందు మీద వస్తే మాత్రం అది ఒక్క పూట కూడా తప్పకుండా దారి ఖర్చుకు సరిపడా మాత్రలు చేతి సంచిలో, అసలు పెట్టెలోనే, చీటీతో పాటు ఉంచుకోమనండి.

- జనరల్ మెడిసిన్ వైద్యుడు, అమలాపురం