పిల్లను దగ్గరకు రానీయని తొలిచూలు గొర్రెలు

ప్రశ్న: మా మందలో ఈసారి తొలిచూలు గొర్రెలు ఎక్కువగా ఈనాయి. పిల్లలు చలికి వణుకుతున్నాయని పుట్టగానే గోరువెచ్చని నీళ్లతో కడిగి, తుడిచి, గంపల కింద కమ్మి ఉంచాము. సాయంత్రం మంద మేత నుంచి తిరిగి వచ్చాక తల్లుల దగ్గర వదిలితే, మూడు గొర్రెలు పిల్లలను వాసన చూసి తలతో కుమ్ముతున్నాయి, పాలు తాగనీయడం లేదు. ఇది జబ్బా? ఏం చేయాలి?
– ఒక గొర్రెల పెంపకందారు, దేవరకద్ర మండలం, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: ముందుగా ఆ మూడు గొర్రెల పొదుగులు పరీక్షించండి. పొదుగు వేడిగా, గట్టిగా ఉన్నా, పాలు విరిగినట్లు వచ్చినా అది పొదుగువాపు కావచ్చు. నొప్పి వల్ల కూడా తల్లి పిల్లను తన్నుతుంది కాబట్టి వెంటనే పశువైద్యునికి చూపించాలి. పొదుగు మామూలుగా ఉంటే, మీరు రాసిన వివరాలను బట్టి ఇది జబ్బు కాదు. తల్లి తన పిల్ల వాసనను నేర్చుకోవలసిన మొదటి గంటలు మీరు చేసిన మేలు వల్లనే తప్పిపోయాయి.

గొర్రెకు మామూలు రోజుల్లో ఉమ్మనీటి వాసన గిట్టదు. ఈనేటప్పుడు పిల్ల జననమార్గం గుండా బయటకు వచ్చే ఒత్తిడికి తల్లి మెదడులో ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలై, అప్పటివరకు గిట్టని ఆ వాసనే దానిని పిల్ల వైపు లాగుతుంది. తల్లి పిల్లను నాకుతూ, గొంతులోనే సన్నగా గురగురమంటూ, సుమారు రెండు నుంచి నాలుగు గంటలలో ఆ పిల్ల వాసనను తన మనసులో నిలుపుకుంటుంది. ఆ తరువాత వేరే వాసన ఉన్న ఏ పిల్లనూ పాలకు రానీయదు. పుట్టగానే విడదీసి చాలా గంటల తరువాత తెచ్చి వదిలిన సొంత పిల్ల కూడా దానికి పరాయిదే. తొలిచూలు గొర్రెకు అనుభవం లేదు, బెదురు ఎక్కువ. అందుకే దానిలో ఈ లోపం ముందుగా బయటపడుతుంది.

పాలు తాగే పిల్లను ఒకసారి దగ్గరగా గమనించండి. అది తోక ఆడిస్తూ తాగుతుంటే తల్లి మెడ వెనక్కి తిప్పి తోక కింద వాసన చూస్తుంది. వాసన తనదైతే కదలకుండా నిలబడుతుంది, కాకపోతే పక్కకు జరిగి కుమ్ముతుంది. తల్లి లేని పిల్లలు వెనుక కాళ్ల మధ్య నుంచి తల దూర్చి పాలు దొంగిలించేది ఈ పరీక్షను తప్పించుకోవడానికే. మేక పిల్ల మొదటి రోజులు పొద చాటున పడుకుని ఉంటుంది గానీ, గొర్రెపిల్ల పుట్టిన కొద్ది గంటలకే తల్లి వెంట మందలో నడుస్తుంది. అంత గుంపులో తన పిల్లను పోల్చుకోకపోతే తల్లి పాలు ఎవరికో పోతాయి.

ఇప్పుడు అన్నిటికంటే తొందర జున్నుపాల విషయంలో ఉండాలి. గొర్రెలలో మాయ ద్వారా రోగనిరోధక పదార్థాలు పిల్లకు చేరవు. అవి జున్నుపాల ద్వారానే అందాలి, వాటిని గ్రహించే శక్తి పిల్ల పేగులలో గంటగంటకూ తగ్గి ఒక రోజుతో దాదాపు ముగుస్తుంది. తల్లిని పట్టుకుని పాలు పితికి, పిల్ల బరువులో కిలోకు 50 మిల్లీలీటర్ల చొప్పున శుభ్రమైన సీసాతో వెంటనే తాగించండి. తల్లికి పాలు రాకపోతే అదే సమయంలో ఈనిన మరో గొర్రె జున్నుపాలు వాడవచ్చు.

తరువాత ఒక్కో తల్లిని దాని పిల్లతో సుమారు నాలుగడుగుల తడకల గదిలో విడిగా ఉంచి, మేత, నీళ్లు అక్కడే అందించండి. రోజుకు నాలుగైదుసార్లు తల్లి మెడ కదలకుండా పట్టుకుని పిల్లకు పాలు తాగించాలి. తల్లి పాలనే పిల్ల వీపు మీద, తోక చుట్టూ పూయడం కొంత సాయపడుతుంది. చాలా గొర్రెలు మూడు నుంచి ఐదు రోజులలో ఒప్పుకుంటాయి. కుమ్మడం మానేదాకా రాత్రిపూట పిల్లను ఒక మూల చిన్న అడ్డు వెనుక, తల్లికి కనిపించేలా, వాసన తగిలేలా ఉంచండి. దెబ్బలు తగులుతుంటే పట్టుబట్టకుండా సీసాపాలతో పెంచడమే మేలు. పిల్ల చనిపోయిన గొర్రెకు తల్లి లేని పిల్లను అలవాటు చేయడానికి చనిపోయిన పిల్ల తోలును కప్పే పాత పద్ధతి బాగా పనిచేస్తుంది గానీ, పిల్ల రోగంతో చనిపోయినా, నెలలు నిండకుండా ఈసుకుపోయినా ఆ పని చేయవద్దు. అటువంటి ఈతలలో మాయను, ఉమ్మనీటిని చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు. గొర్రెలు ఈసుకుపోవడానికి కారణమయ్యే బ్రూసెల్లోసిస్ వంటి జబ్బులు మనుషులకు అంటుకుంటాయి.

ఇక ఈనబోయే గొర్రెల విషయంలో, పిల్లను కడగడం మానేయండి. ముక్కు, నోరు మాత్రం శుభ్రం చేసి, బొడ్డుకు టింక్చర్ అయోడిన్ అద్ది, పిల్లను తల్లి మూతి ముందు పెట్టి పక్కకు తప్పుకోండి. చలికి గాలి తగలని చోట పొడి గడ్డి పరిస్తే చాలు. నాకడం వల్లనే పిల్ల ఆరుతుంది. ఈనిన గొర్రెను ఆ రోజు మేతకు తోలవద్దు. గర్భంలో పిల్ల ఎదుగుదలలో ఎక్కువ భాగం చివరి ఆరు వారాలలోనే జరుగుతుంది. ఆ కాలంలో బక్కచిక్కిన తల్లికి పాలూ తక్కువ, పిల్ల మీద ధ్యాసా తక్కువ. కాబట్టి చూడి గొర్రెకు మేతతోపాటు రోజుకు 200 నుంచి 250 గ్రాముల దాణా పెట్టండి. ఈనడానికి మూడు నాలుగు వారాల ముందు చిటుక రోగం (పేగులలో విషం పుట్టి గొర్రెలు హఠాత్తుగా చనిపోయే జబ్బు) టీకా వేయిస్తే ఆ రక్షణ జున్నుపాల ద్వారా పిల్లకు కూడా చేరుతుంది.