మునగని సంచి

ప్రశ్న: అమెరికా కొత్తగా ఏర్పడిన రోజుల్లో, ఓడల్లో వెళ్లే రాయబారులు రహస్య కాగితాలను శత్రువుకు చిక్కకుండా ఎలా కాపాడుకునేవారండీ?

జవాబు: బరువు కట్టి సముద్రంలో పడేసేవారు. అది ప్రతిసారీ ఫలించేది కాదు. హెన్రీ లారెన్స్ సంగతి చదివినప్పుడల్లా నాకు ఆయన మీద జాలి వేస్తుంది. అమెరికా కాంగ్రెస్‌కు అధ్యక్షుడిగా చేసిన మనిషి. హాలెండ్‌లో అప్పు కోసం మెర్క్యురీ అనే ఓడలో బయల్దేరాడు. 1780 సెప్టెంబర్ 3న న్యూఫౌండ్‌లాండ్ దగ్గర బ్రిటిష్ యుద్ధనౌక వెస్టల్ తరుముకొచ్చింది. ఆ టెన్షన్‌లో కాగితాలన్నీ ఒక సంచిలో కుక్కి, ఇనుప గుండ్లు వేసి విసిరేశారు. సంచిలో గాలి ఉండిపోయింది. అది మునిగేలోపే బ్రిటిష్ నావికులు కొక్కెంతో పైకి లాగేశారు.

అందులో డచ్ వాళ్లతో 1778లో రాసుకున్న ఒప్పందం ముసాయిదా దొరికింది. ఏ ప్రభుత్వమూ ఆమోదించని కాగితం అది! అయినా దాన్నే సాకుగా చూపి, ఆ డిసెంబర్‌లోనే బ్రిటన్ డచ్ వాళ్ల మీద యుద్ధం ప్రకటించింది.

లారెన్స్‌ను పదిహేను నెలలకు దగ్గరగా లండన్ టవర్‌లో బంధించారు. కాపలావాళ్ల ఖర్చు కూడా ఆయన్నే కట్టమన్నారు. ఇది మాత్రం నాకు మరీ అన్యాయం అనిపిస్తుంది. చివరికి ఆయనకు మారుగా విడుదలైంది యార్క్‌టౌన్‌లో అమెరికన్ల చేతిలో ఓడిన బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్. ఆ టవర్‌కు కానిస్టేబుల్, అంటే ప్రధానాధికారి హోదా, అప్పుడు ఆ కార్న్‌వాలిస్‌దే.