ముసలి కుక్కకి మోషన్ రావట్లేదా? ఎండుద్రాక్ష, ఆముదం జోలికి పోకండి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా భీముడికి 11 ఏళ్లు, నాటు కుక్కే, మగది, ఆపరేషన్ చేయించలేదు, 18 కిలోల దాకా ఉంటాడు. నెల రోజులుగా దొడ్డికి సరిగా వెళ్లట్లేదు. వంగి ముక్కుతాడు, రెండడుగులు వేసి మళ్లీ వంగుతాడు, చివరికి మేక పెంటికల్లాంటివి నాలుగు పడతాయి. నిన్నట్నుంచి అవీ లేవు. తిండి మేం తినేదే, అన్నం, పప్పు, చారు, ఆదివారం వస్తే మటన్ ఎముకలు. మా అత్తగారు ఆముదం పట్టమంటున్నారు. పక్కింటి పిన్నిగారు తమలపాకు కాడ ఆముదంలో ముంచి పెట్టమంటున్నారు. మా మరిదేమో నానబెట్టిన ఎండుద్రాక్ష పెట్టు వదినా, మా పాపకి అదే పనిచేసింది అంటున్నాడు. ఏది చేయమంటారు?

జవాబు: మూడూ వద్దమ్మా. ముందు మీ మరిది సలహా సంగతి తేల్చేద్దాం, వినడానికి బాగానే ఉంటుంది గానీ మూడింట్లో ప్రమాదం ఎక్కువ దాంట్లోనే. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఏ కుక్కకి ఎన్ని తింటే ముప్పో ముందుగా చెప్పలేం, ఒకటి గుప్పెడు తిని హాయిగా తిరుగుతుంది, ఇంకోదానికి కొద్ది పళ్లకే వాంతులు మొదలై రెండు మూడు రోజుల్లో మూత్రం ఆగిపోతుంది. అందులోని టార్టారిక్ ఆమ్లమే దీనికి కారణం అయ్యుంటుందని 2021లో అమెరికా పశువైద్యులు రాశారు. ఆ ఆమ్లం మన చింతపండులో దండిగా ఉంటుంది, కాబట్టి చారన్నం, పులిహోర కూడా భీముడి పళ్లెంలోంచి తీసేయండి. ఇన్నాళ్లూ తిన్నాడు, ఏమైంది అంటారు మీ అత్తగారు. ఇన్నాళ్లూ వాడి కిడ్నీలకి 11 ఏళ్లు లేవు కదా.

ఆముదం పేగుల్ని మెలిపెట్టి తోస్తుంది. ముందు దారి మూసుకుని ఉంటే వెనకనుంచి ఎంత తోసినా నొప్పీ, వాంతులే గానీ పని జరగదు, ఒంట్లో ఉన్న నీరు కూడా పోతుంది. పైగా దవడ పట్టుకుని బలవంతంగా పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది, మోషన్ కోసం షాపుల్లో ఇచ్చే లిక్విడ్ పారఫిన్ నూనెతో అయితే అది మరీ ఎక్కువ, రుచీ వాసనా లేకపోవడంతో గొంతులోకి వచ్చిందని కుక్కకి తెలియదు. ఇక తమలపాకు కాడ. ముక్కి ముక్కి వాచిపోయిన చోట కాడ పెడితే గీసుకుంటుంది, ఆ నొప్పికి మీ చెయ్యి కరిస్తే తప్పు వాడిది కాదు.

ఇప్పుడు అసలు పని. భీముడు బయటికి వెళ్లినప్పుడు వెనకాలే వెళ్లి చూడండి, ఫోన్‌లో వీడియో తీయండి, డాక్టరుకి మీరు పావుగంట చెప్పేదాని కంటే అది ఎక్కువ పనికొస్తుంది. ముక్కుతున్నది దొడ్డికేనా, మూత్రానికా? మూత్రం ఆగినా కుక్క ఇలాగే అవస్థపడుతుంది. మూత్రం చుక్క చుక్కగా పడుతున్నా, అసలు పడకపోయినా ఇంట్లో ఏ వైద్యమూ వద్దు, ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. జిగురుగా, నీళ్లగా కొంచెం కొంచెం పడుతూ ముక్కుతుంటే పెద్దపేగు వాచిందేమో, లేదా లోపల గట్టి ముద్ద అడ్డంపడి దాని పక్కనుంచి నీళ్లు కారుతున్నాయేమో. నీళ్లగా పడింది కదా అని మోషన్ అయిపోయినట్టు లెక్కేయకండి.

పడినవాటిని పుల్లతో చితిపి చూడండి, అసహ్యపడకుండా. తెల్లగా పొడిపొడిగా విడిపోతే అది ఆదివారం ఎముకల పుణ్యం. వెంట్రుకలు కనిపిస్తే ఒళ్లు తెగ నాకుతున్నాడని, ఎందుకు నాకుతున్నాడో చూడాలి. సన్నగా, పలకగా వస్తుంటే మాత్రం నాకు అనుమానం ప్రోస్టేట్ మీద.

మీరు వయసు, మగది, ఆపరేషన్ కాలేదు అని మూడూ రాశారు, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తున్నాను. ఆపరేషన్ కాని ముసలి మగకుక్కల్లో ప్రోస్టేట్ గ్రంథి పెరగడం చాలా మామూలు. అది మలం వచ్చే దారికి సరిగ్గా కిందనే ఉంటుంది, పెరిగిందంటే పైకి నొక్కి దారిని ఇరుకు చేస్తుంది. అప్పుడు మీరు ఎంత గుమ్మడికాయ పెట్టినా మలం మెత్తబడుతుంది గానీ దారి వెడల్పు కాదు. డాక్టరు గ్లౌజు వేసుకుని వేలితో తడిమితే చాలాసార్లు అక్కడికక్కడే తెలిసిపోతుంది. మామూలు పెరుగుదలే అయితే విత్తులు తీసే ఆపరేషన్ తర్వాత కొన్ని వారాల్లో గ్రంథి చిన్నదవుతుంది, మత్తు ఇచ్చే ముందు కిడ్నీలకి రక్తపరీక్ష చేయించమని మీరే అడగండి. ఈ వయసులో దానికి ఆ ఆపరేషనేంటి అని ఇంట్లో మగవాళ్లు మొహం మాడ్చుకుంటారు, వాళ్లని అడక్కుండానే తీసుకెళ్లడం మేలు. తోక పక్కన, ముడ్డికి ఒకవైపు మెత్తగా ఉబ్బి ఉందేమో కూడా చూడండి. అది హెర్నియా కావచ్చు, అంటే కండరం సడలి లోపలిది బయటికి ఉబ్బడం, ముక్కీ ముక్కీ ఇలాంటి కుక్కలకే వస్తుంది.

రెండడుగులు వేసి మళ్లీ వంగుతాడని రాశారు చూడండి, నడుం, తుంటి కీళ్లు అరిగిన కుక్కలూ అదే పని చేస్తాయి. వంగి ఉండలేక సగంలో లేచిపోతాయి. మలం పేగులో ఉండిపోయినకొద్దీ పేగు దాంట్లో నీరు లాగేసుకుంటుంది, మర్నాటికి ఇంకా గట్టిపడుతుంది, ఇంకా నొప్పి, ఇంకా ఆపుకోవడం. నున్నటి గచ్చు మీద కాళ్లు జారకుండా గోనెపట్టా వేయండి. అంతేగానీ ఇంట్లో ఉన్న ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ మాత్ర సగం చేసి వేయకండి, కుక్క కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి.

ఇంట్లో చేయగలిగింది నీళ్లతో మొదలవుతుంది. కుక్కకి రోజుకి కిలో బరువుకి 50 నుంచి 60 మిల్లీలీటర్లు కావాలి, అంటే భీముడికి తిండిలో ఉన్నదానితో కలిపి లీటరు దాకా. గిన్నె పెడితే తాగుతాడులే అనుకోవద్దు, ముసలి కుక్కలు లేచి వెళ్లడానికి బద్ధకించి తాగడం మానేస్తాయి. అన్నంలోనే గోరువెచ్చని నీళ్లో, ఉప్పూ ఉల్లీ వెల్లుల్లీ వేయకుండా చికెన్ ఉడికించిన నీళ్లో పోసి జారుగా కలపండి. ఎండల్లో మన వైపు పఖాళ పెట్టే అలవాటుంది కదా, ఉప్పు, ఉల్లిపాయ, తాళింపు లేని ఉత్త నీళ్లన్నం అయితే నాకు అభ్యంతరం లేదు. తిన్న పావుగంటకి మెల్లగా నడిపించండి, కడుపు నిండినప్పుడు పేగు కదులుతుంది, మహేంద్రతనయ ఒడ్డు దాకా వెళ్లక్కర్లేదు, వీధి చివరికి చాలు.

గుమ్మడికాయ మంచిదే, తొక్కా గింజలూ తీసి ఉడికించి, ఏమీ కలపకుండా పూటకి రెండు పెద్ద చెంచాలు. ఇసబ్‌గోల్ అయితే పూటకి ఒక టీస్పూను, బాగా నీళ్లలో నానబెట్టి. పొడిగా చల్లారంటే అదే లోపల ముద్దకట్టి అడ్డంపడుతుంది. కానీ నిన్నట్నుంచి ఏమీ పడలేదన్నారు కాబట్టి ఇప్పుడు పీచు పెట్టకండి, నీళ్లు మాత్రమే, మోషన్ అయ్యాకే గుమ్మడికాయ. ఎముకలు ఇక ఎప్పటికీ వద్దు, ఆ ఆదివారం రెండు మెత్తటి ముక్కలు వేయండి, ఎముక పోయిందని వాడేం బాధపడడు.

రేపటికీ ఏమీ పడకపోతే, అంటే రెండు రోజులు నిండితే, ఆస్పత్రికి. వాంతులు, తిండి మానేయడం, పొట్ట గట్టిపడటం, రక్తం, వెనక కాళ్లు తడబడటం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపటి దాకా ఆగొద్దు. ఎక్స్‌రే, స్కానింగ్ కావాలంటే భువనేశ్వర్‌లో పశువైద్య కళాశాల ఉంది, మీకు దగ్గర మాత్రం విజయనగరం జిల్లా గరివిడిలోది, ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి.

ప్రశ్న: మా లాబ్రడార్‌కి 10 ఏళ్లు. రక్తం తక్కువుందని ఐరన్ టానిక్ రాశారు, అది మొదలుపెట్టాక మోషన్ నల్లగా, గట్టిగా వస్తోంది. ఆపేయాలా? (రాయగడ)

జవాబు: ఐరన్ ఆ రెండు పనులూ చేస్తుంది. మీరే ఆపకండి, రాసిన డాక్టరుకే చెప్పండి, మోతాదు మారుస్తారు. నల్లగా ఉండి గట్టిగా కాకుండా బంకలా, దుర్వాసనతో వస్తే మాత్రం అది ఐరన్ రంగు కాకపోవచ్చు, లోపల రక్తం కారుతోందేమో, అదే రోజు చూపించండి.

ప్రశ్న: మాది గుణుపురం. మా పొమేరియన్ ఆడది, 13 ఏళ్లు. మూడు రోజులుగా ముక్కుతోంది, కూర్చోలేకపోతోంది. మా నాన్నగారికి రాసిన లాక్టులోజ్ సిరప్ ఇంట్లో ఉంది, పట్టొచ్చా? మందుల షాపతను ఎనిమా డబ్బా కూడా ఇస్తానన్నాడు.

జవాబు: ఎనిమా డబ్బా వద్దు. షాపుల్లో దొరికే సోడియం ఫాస్ఫేట్ ఎనిమా మనుషుల కొలతకి చేసింది, చిన్న కుక్క రక్తంలో ఫాస్ఫేట్ ఒక్కసారి పెరిగి కాల్షియం పడిపోతుంది, ప్రాణమే పోవచ్చు. లాక్టులోజ్ మందుగా మంచిదే, పేగులోకి నీరు లాగి మలాన్ని మెత్తబరుస్తుంది, పశువైద్యులూ రాస్తారు. కానీ మోతాదు బరువుని బట్టి, షుగర్ ఉన్న కుక్కకి ఆలోచించి ఇవ్వాలి, ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి. డాక్టరుకి ఫోన్ చేసి అడిగాకే పట్టండి.

అయితే పొమేరియన్ అన్నారు కాబట్టి, అన్నిటికంటే ముందు తోక ఎత్తి చూడండి. ఆ జుట్టులో పాత మలం అంటుకుని ఎండి, దారికి అడ్డంగా అట్టకట్టడం ఈ జాతిలో తరచూ చూస్తాం, లోపల మలబద్ధకం ఏమీ ఉండదు, బయట తలుపు మూసుకుంటుంది అంతే. గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డ పది నిమిషాలు అద్ది, మెత్తబడ్డాక ట్రిమ్మర్‌తో తీయండి, కత్తెర పెట్టకండి, ఆ జుట్టు కింద చర్మం ఎక్కడుందో కనపడదు. అక్కడ ఎర్రగా కమిలి ఉన్నా, పురుగు పట్టినా, పక్కన గట్టి గడ్డ తగిలినా మీరు చెయ్యి పెట్టకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఎలాగూ మూడు రోజులు దాటింది, శుభ్రం చేశాక కూడా సాయంత్రానికి మోషన్ కాకపోతే తెల్లారే దాకా చూడొద్దు.