ఫ్రేమ్ లేని తలుపుకు అద్దం వేసేటప్పుడు

చిరంజీవి అల్లుడికి,

హన్మకొండ నుంచి మామ ఆశీస్సులు. అక్కకూ బావకూ నమస్కారాలు చెప్పు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. మినీ కన్వర్టిబుల్, ఎడమ తలుపు అద్దం మొత్తం రాలిపోయింది, సీటు నిండా ముక్కలు. కింద నువ్వు రాసింది కూడా చదివాను: ‘ఇన్ని విండ్‌షీల్డులు వేసినోణ్ణి, ఇదెంత పని మామా’ అని. అది చదివే కాగితం, పెన్నూ తీశాను. ఫోన్లో చెబితే సగం నా మాట వింటావు, సగం షాపుకొచ్చిన కస్టమర్ మాట వింటావు.

విండ్‌షీల్డ్ వేరు, ఇది వేరు. అక్కడ గమ్ పట్టుకుంటుంది. మామూలు కారు తలుపులో అద్దం పటం కట్టిన ఫోటోలాగా ఫ్రేములో కూర్చుంటుంది, కొంచెం అటూ ఇటూ ఉన్నా ఫ్రేమ్ సర్దేస్తుంది. ఫ్రేమ్ లేని ఈ తలుపులకు ఆ ఆసరా లేదు. అద్దాన్ని కింద తలుపు లోపలే, దాన్ని ఎక్కించీ దించే రెగ్యులేటర్ పట్టుకుంటుంది. పైభాగం ఏ ఆధారం లేకుండా పైకెళ్లి బాడీకున్న రబ్బరును ఆనుకోవాలి. అద్దం ఎక్కించడం తొందరగానే అయిపోతుంది. రబ్బరుకు సమానంగా ఆనేలా దాన్ని కుదర్చడానికే పొద్దంతా పడుతుంది. కస్టమర్‌కు టైమ్ చెప్పేటప్పుడు, రేటు చెప్పేటప్పుడు ఆ రెండో పనిని లెక్కలో పెట్టుకో. మినీ ఒక్కటే కాదు, మస్టాంగ్, బీఎండబ్ల్యూ జెడ్4, బీటిల్ ఇదే తీరు. మెర్సిడెస్ సీఎల్ఏ, ఆడి ఏ5 లాంటి వాటికి నాలుగు తలుపులున్నా ఫ్రేమ్ ఉండదు. ఇవన్నీ ఇదివరకు హైదరాబాద్‌లోనే కనబడేవి, ఇప్పుడు మన నక్కలగుట్టలోనూ తిరుగుతున్నాయి.

ముందు ఈరోజు చేయాల్సింది చెబుతా. ఆ తలుపు పవర్ విండో స్విచ్ ఎవరూ ముట్టుకోవద్దు. స్విచ్ సంగతి అటుంచు, ఊరికే తలుపు తీసినా ప్రమాదమే. ఈ కార్లలో హ్యాండిల్ లాగగానే అద్దం సుమారు ఒక సెంటీమీటరు కిందికి దిగుతుంది, పైన రబ్బరు పెదవి కింద ఇరుక్కున్న అంచు బయటికి రావాలి కాబట్టి. తలుపు వేశాక మళ్లీ పైకెళ్లి రబ్బరులో దూరుతుంది. అద్దం లేకపోయినా మోటార్‌కు ఆ సంగతి తెలియదు, తీసిన ప్రతిసారీ తిరుగుతుంది. ఆ తిరుగుడుకు ముక్కలు కేబుల్ చుట్టలోకి వెళ్లాయంటే అద్దంతో పోయేది రెగ్యులేటర్ దాకా పోతుంది. కాబట్టి బ్యాటరీ మైనస్ వైరు తీసెయ్. కానీ తీసేముందు కుడి తలుపు అద్దం సగం దాకా దించుకో. కరెంటు లేకుండా ఆ తలుపు తీస్తే అద్దం దిగదు, అంచు రబ్బరులోనే ఇరుక్కుంటుంది. బలంగా గుంజితే అది కూడా పగలొచ్చు, అప్పుడు నువ్వు రెండు అద్దాలు తెప్పించాలి.

రెండోది, టాప్, అంటే పైనున్న గుడ్డ కప్పు, మడవనివ్వకు. ‘టాప్ తీసేసి ఎండలో పెడితే లోపలి తడి ఆరుతుంది కదా’ అని ఓనర్లు అంటుంటారు. గుడ్డ మడతల్లో, వెనక టాప్ కూర్చునే గుంతలో ముక్కలుంటాయి. మడిచావంటే అవి గుడ్డను కోసేస్తాయి. ఆ టాప్ రేటు ముందు ఈ అద్దం రేటు ఏ మూలకూ రాదు. కవర్ కప్పేటప్పుడు కూడా టేపు గుడ్డ మీద అంటించకు, పెయింట్ మీద అంటించి ఎండలో వదిలెయ్యకు. మాస్కింగ్ టేప్ వాడు, బండిని నీడలో పెట్టు.

అద్దం ఆర్డర్ చేసేటప్పుడు మోడల్ పేరు చెప్పి ఊరుకోవద్దు. 17 అక్షరాల చాసిస్ నంబర్ ఇవ్వు. ఒకే పేరున్న బండిలో గట్టి టాప్ ఉన్నదానికీ కన్వర్టిబుల్‌కూ అద్దం కొలత వేరుగా ఉండొచ్చు. కుడి తలుపు అద్దం మూలనున్న ముద్ర ఫోటో తీసిపెట్టుకో. కంపెనీ, రంగు, గుర్తులు దాంతో సరిపోవాలి. మీ ఊరి గ్లాసు షాపువాళ్లు ‘కోసిస్తాం’ అంటే దండం పెట్టి వచ్చెయ్. ఇది టఫెన్డ్ గ్లాస్. 600 డిగ్రీలకు పైగా కాల్చి, గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు. దాంతో పైపొర బిగుసుకుపోతుంది, లోపల లాగుడు మిగులుతుంది. అందుకే ఒక్క చోట దెబ్బ తగిలినా మొత్తం జొన్న గింజలంత ముక్కలవుతుంది. అలా చేసినదాన్ని తర్వాత కోయడం, చిల్లి పెట్టడం కుదరదు. కోసిచ్చేది మామూలు గాజే, అది పగిలితే కత్తులే. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో సెకండ్ హ్యాండ్ దొరికితే తీసుకోవచ్చు, తప్పులేదు. కానీ అంచు చుట్టూ గోరుతో తడిమి చూడు. గోరు ఎక్కడ ఆగినా వద్దను, అంచు దెబ్బతిన్న టఫెన్డ్ అద్దం ఏ రోజు రాలుతుందో చెప్పలేం. ఫ్రేమ్ లేని తలుపులో ఆ పై అంచు తలుపు తీసిన ప్రతిసారీ బయటే ఉంటుంది మరి. తెచ్చేటప్పుడు పడుకోబెట్టకుండా నిలబెట్టి తే, కింద థర్మాకోల్ పెట్టు.

ఇక విప్పడం. డోర్ ప్యాడ్, అంటే తలుపు లోపలి పలక, దాని స్క్రూలు హ్యాండిల్ గుంతలో, చిన్న మూతల కింద దాగుంటాయి. అన్నీ తీశాననుకున్నాక కూడా రాకపోతే ఇంకొకటి మిగిలిందని అర్థం, గుంజొద్దు. లోపల తలుపుకు అంటించిన ప్లాస్టిక్ లేదా ఫోమ్ షీట్ ఉంటుంది. దాన్ని చాలామంది చింపి, మళ్లీ ఏదో గమ్ రాసి అతికిస్తారు. నువ్వు ఆ పని చెయ్యకు. వాన నీళ్లు తలుపు లోపలికి పోవడం మామూలే, కింది కన్నాల గుండా బయటికి పోతాయి. వాటిని కారు లోపలికి రానివ్వకుండా ఆపేది ఆ షీటే. అది చిరిగితే నీళ్లు కార్పెట్ కిందికి చేరతాయి. పైగా చాలా కార్లలో తలుపు లోపల ఒక ప్రెషర్ సెన్సార్ ఉంటుంది. పక్కనుంచి గుద్దినప్పుడు తలుపు లోపల గాలి ఒత్తిడి పెరగడాన్ని బట్టి ఎయిర్‌బ్యాగ్‌కు కబురు పంపుతుంది. ఆ షీటుకు కన్నం ఉంటే దాని లెక్క తప్పొచ్చు. నల్ల బ్యూటైల్ టేపు కొత్తది తెచ్చుకుని చుట్టూ వేసి మూయి. ఎయిర్‌బ్యాగ్ ప్లగ్గులు తీయాల్సివస్తే బ్యాటరీ తీసి కొంతసేపు ఆగాకే తియ్.

ముక్కలు ఊడ్చేటప్పుడు తలుపు అడుగున, సీటు పట్టాల్లో, డ్యాష్‌బోర్డు మీద ఏసీ గాలి వచ్చే చీలికల్లో వ్యాక్యూమ్ పెడతావని తెలుసు. నువ్వు మర్చిపోయేది ఇంకొకటుంది. తలుపు పైఅంచున అద్దానికి రెండు వైపులా రాసుకుంటూ ఉండే రబ్బరు బీడింగులు. వాటి సందులో చిన్న పలుకు ఒక్కటి ఉన్నా, కొత్త అద్దాన్ని మొదటిసారి దించి ఎక్కించగానే పైనుంచి కింది దాకా గీత పడుతుంది. పాత ఏటీఎం కార్డు తీసుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా సందులో లాగు. కర్రుమన్న చోట ఆగి, తీసి, మళ్లీ లాగు. తలుపు అడుగున నీళ్లు పోయే కన్నాలు కూడా ముక్కలతో మూసుకుపోతాయి, టూత్‌పిక్ పెట్టి తెరువు.

ఇప్పుడు అసలు సంగతి. అద్దం పగిలినా రెగ్యులేటర్ పాత సెట్టింగులోనే ఉంటుంది. కంపెనీవాడు పెట్టిన ఆ సెట్టింగే నీకు పెద్ద ఆస్తి. అద్దాన్ని పట్టుకునే బోల్టులు తప్ప ఇంకేదీ వదులు చెయ్యకు. చేయక తప్పదంటే ప్రతి బోల్టు చుట్టూ వైట్ మార్కర్‌తో గీత గీసి, ఫోటో తీసి అప్పుడు తిప్పు. ఆ గీతల మీదే కొత్త అద్దం బిగిస్తే చాలాసార్లు దాదాపు సరిగ్గా వచ్చేస్తుంది. బోల్టుకూ గాజుకూ మధ్య ప్లాస్టిక్ బుష్‌లు తప్పకుండా ఉండాలి. మాన్యువల్లో చెప్పిన టార్క్‌కు, అంటే బిగింపు లెక్కకు, మించి బిగించకు.

బిగించిన వెంటనే తలుపు వెయ్యకు. చిన్న దెబ్బతో మొత్తం కథ మళ్లీ మొదటికొస్తుంది. బ్యాటరీ తగిలించాక విండోకు మళ్లీ పాఠం చెప్పాలి: అద్దం పూర్తిగా దించి స్విచ్ పట్టుకో, పూర్తిగా ఎక్కించి కాసేపు పట్టుకో. ఎన్ని సెకన్లు, ఏ వరసలో అనేది కంపెనీని బట్టి మారుతుంది, ఆ బండి మాన్యువల్ చూడు. కొన్నింటికి స్కానర్ పెట్టాల్సిందే. తర్వాత తలుపు తెరిచే ఉంచి, తలుపు అంచున గడియలా పట్టే లాచ్‌ను స్క్రూడ్రైవర్‌తో నొక్కి తలుపు మూసుకున్నట్టు నమ్మించు, హ్యాండిల్ లాగు. అద్దం ఆ సెంటీమీటరు దిగిందా? దిగితేనే తలుపు మెల్లగా వెయ్యి. టెస్ట్ అయ్యాక లాచ్‌ను మళ్లీ తెరిచిపెట్టడం మర్చిపోకు, మూసి ఉన్న లాచ్ మీద తలుపు వేస్తే అది గుద్దుకుంటుంది.

తర్వాత కుడి తలుపు దగ్గరికెళ్లి స్కేలు పెట్టి కొలువు. అద్దం పై అంచు ముందు మూలన ఎంత, వెనక మూలన ఎంత, రబ్బరులోకి ఎంత దూరింది. ఎడమ తలుపుకు అవే అంకెలు రావాలి. ముందు ఎత్తు చూడకు. తలుపే కిందికి వాలి ఉందేమో చూడు, ఎవరైనా తలుపు వంచి అద్దం పగలగొట్టి ఉంటే అది తప్పదు. తలుపు సరిగ్గా లేకుండా అద్దం సరిచేయడం దండగ. తర్వాత ముందుకూ వెనక్కీ జరుపు, తర్వాత ఎత్తు, చివరికి లోపలికి వంపు. కన్వర్టిబుల్‌లో వెనక చిన్న అద్దం కూడా పైకెత్తి ఉంచు, ఈ అద్దం దానికీ ఆనుకోవాలి. కొన్ని కార్లకు వంపు స్క్రూలు తలుపు అడుగున రబ్బరు మూతల కింద ఉంటాయి. ఒక్కో స్క్రూ అరచుట్టు తిప్పు, చూడు, మళ్లీ తిప్పు.

సరిపోయిందో లేదో కళ్లతో తెలియదు. చాక్‌పీసు తీసుకుని రబ్బరు పొడవునా రుద్ది తలుపు వేసి తియ్. అద్దం మీద తెల్ల గీత తెగకుండా పడితే మంచిది, ఎక్కడ గీత లేదో అక్కడ ఆనడం లేదు. తర్వాత కాగితం ముక్క సందులో పెట్టి తలుపు వేసి లాగు. అన్ని చోట్లా ఒకే బిగువు రావాలి. మరీ లోపలికి వంచావంటే తలుపు గట్టిగా కొడితే తప్ప పడదు, ఏసీ వేసుకుని కూర్చున్నవాడికి చెవుల్లో దెబ్బ. తక్కువ వంచితే వాన ఆగొచ్చు గానీ, హైవే మీద స్పీడు పెరిగేసరికి బయటి గాలి అద్దాన్ని బయటికి లాగుతుంది, ఈల వేస్తుంది. అందుకే నీళ్ల టెస్టు ఒక్కటే చాలదు. హుజూరాబాద్ రోడ్డు మీద ఒక రౌండు కొట్టి, ఏసీ ఫ్యాన్ ఆపి, పాటలు ఆపి విను.

నీళ్ల టెస్టు పైపుతోనే చెయ్, ప్రెషర్ వాషర్ వద్దు. ఆ జోరుకు మంచి రబ్బరు కూడా లీకవుతుంది. కింద నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి రా, లోపల ఒకరు టార్చ్ పట్టుకుని చూడాలి. కారితే వెంటనే ‘రబ్బరు పోయింది సార్’ అనొద్దు. రబ్బరు రేటు తక్కువేం కాదు, ఎక్కువసార్లు తప్పు అద్దం వంపుదే. మన మే నెల ఎండలకు రబ్బరు గట్టిపడేది నిజమే. దాన్ని పెట్రోల్‌తో తుడవకు, గ్రీజు పూయకు. రబ్బరుకు పనికొచ్చే సిలికాన్ స్ప్రే బట్టకు రాసి తుడువు.

ఓనర్‌తో మాట: పాలసీ ఏదో ముందే అడుగు. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే అద్దం ఖర్చు తనదే. ఫుల్ పాలసీ ఉంటే అద్దానికి తరుగు కోయరు, రబ్బరు ప్లాస్టిక్ సామాన్లకు మాత్రం, జీరో డెప్ (తరుగు కోయని అదనపు కవర్) లేకపోతే, సగం కోస్తారు. 1500 సీసీ దాటిన బండికి తప్పనిసరిగా ఓనర్ మీద పడేది 2000 రూపాయలు, ఆ లోపు బండికి 1000. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. లెక్క చెప్పి నిర్ణయం ఆయనకు వదిలెయ్. క్లెయిమ్ చేస్తానంటే సర్వేయర్ చూసేదాకా ఆగు. దొంగతనమైతే పోలీస్ ఫిర్యాదు ముందు. నల్ల ఫిల్మ్ అడిగితే వెయ్యకు, 2012లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. నువ్వు వేసినా ట్రాఫిక్ వాళ్లు పీకేస్తారు, ఫైన్ కట్టేది ఆయనే అయినా తిట్లు నీకు.

బండి ఇచ్చాక వారం తర్వాత ఒకసారి తెమ్మని చెప్పు, ఊరికే చూస్తానని. కొత్త అద్దం కొద్దిగా సర్దుకుంటుంది, అరచుట్టు సరిచేయాల్సి రావొచ్చు.

అద్దం చేతికొచ్చాక డోర్ ప్యాడ్ విప్పేముందు నాకొక ఫోన్ కొట్టు. ఆదివారం పెట్టుకుంటే నేనే కరీంనగర్ వస్తా. స్పీకర్‌లో చెప్పించుకోవడం కన్నా పక్కన నిలబడి చెప్పించుకోవడం నీకే మేలు. అక్కకు చెప్పు, మధ్యాహ్నం భోజనం మీ ఇంట్లోనే.

ఇట్లు
మామ