మోటారు అడిగే ముందు పంపు సంగతి

చిరంజీవి శ్రీనుకు మామయ్య ఆశీస్సులు.

బోరుకు 5 హెచ్‌పీ మోటారు చాలా, ఏడున్నర వెయ్యాలా అని అడిగావు. ఇంతమాత్రం చెబితే ఏ మెకానిక్కూ జవాబు చెప్పలేడురా. బోరులో దించేదాన్నంతా మనం మోటారనే అంటాం. రచ్చబండ దగ్గర ఎలా అన్నా నడుస్తుంది, షాపులో నడవదు.

సబ్‌మెర్సిబుల్‌లో కింద ఉండేది మోటారు. కరెంటు తీసుకుని తిరగడం వరకే దాని పని. పైన ఉండేది పంపు, నీళ్ళు తోసేది అదే. రెంటికీ మధ్య నీళ్ళు లోపలికొచ్చే జాలీ, లోపల రెంటినీ కలిపే కప్లింగు. హెచ్‌పీ అనేది మోటారు లెక్క. 5 హెచ్‌పీ అంటే 3.7 కిలోవాట్లు. నీళ్ళు ఎంత ఎత్తుకు, ఎంత ధారగా వస్తాయన్నది పంపులో ఎన్ని స్టేజీలున్నాయో, ఎలాంటివో దాన్నిబట్టి ఉంటుంది. స్టేజీ అంటే నీళ్ళు తోసే ఇంపెల్లరు చక్రం, దాని గిన్నె కలిసి ఒక వరస. అదే 5 హెచ్‌పీకి స్టేజీలు ఎక్కువున్న పంపు బిగిస్తే ఎత్తు పెరుగుతుంది, ధార సన్నబడుతుంది.

కాబట్టి ముందు హెడ్ చెప్పు. హెడ్ అంటే బోరు లోతు కాదు (సగంమంది ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు). మోటారు ఆడుతున్నప్పుడు నీళ్ళు ఏ మట్టంలో నిలుస్తాయో అక్కణ్ణించి పైన నువ్వు పోసుకునే చోటు దాకా. బోరు 300 అడుగులైనా నీళ్ళు 150 దగ్గర నిలిస్తే లెక్క 150 నుంచే, అంటే సుమారు 46 మీటర్లు. పైపులో రాపిడికి ఇంకొంచెం కలుపుకో.

నీళ్ళు తగ్గగానే మోటారు పోయిందని వైండింగ్ షాపుకు పరిగెత్తకు. అమ్మీటరు చూడు. ఆంపియర్లు పెరగకుండా నీళ్ళు తగ్గాయంటే వైండింగ్ జోలికి పోనక్కర్లేదు. ఇసుకకు ఇంపెల్లర్లు అరిగి ఉండాలి, లేదా పైపు కారుతుండాలి, లేదా మట్టమే దిగిపోయి ఉండాలి. ఆంపియర్లు ఎక్కి స్టార్టరు ట్రిప్ కొడుతుంటే ముందు వోల్టేజీ చూసుకో, తర్వాతే మోటారును అనుమానించు. ఒక ఫేజు పోయినా ఆడనిస్తే కాలేది వైండింగే, పంపుకేమీ కాదు.

కొత్తది దించాక ధార సన్నగా వస్తే ఉల్టా తిరుగుతోందేమో. మెయిన్ ఆపించి, తెలిసినవాడితో రెండు ఫేజులు మార్పించు.

మీ బావిలోని మోనోబ్లాక్‌కు మోటారు వేరు, పంపు వేరు అనే గొడవ లేదు, రెండూ ఒకే షాఫ్టు మీద ఉంటాయి.

బోరులోని పాతది పైకి తీసినప్పుడు రెండు నేమ్‌ప్లేట్లూ ఫోటో తీసి నాకు పంపు. హెడ్ దేనిమీద రాసుందో ముందు నువ్వే చూడు.

మామయ్య