నాన్న పక్కన వంత లేడు

ప్రశ్న: మాది కనిగిరి వైపు పల్లె. నాన్నకు 69 ఏళ్ళు. 40 ఏళ్ళు బుర్రకథ చెప్పాడు. అమ్మ పోయాక ఒంగోలు తెచ్చి మా దగ్గరే పెట్టుకున్నాం. నేను చీమకుర్తి గ్రానైట్ క్వారీలో లెక్కలు రాస్తాను. కథలో నాన్న పక్కన నిలబడి పాట అందుకునే ఇద్దరు వంతల్లో, నవ్వించే హాస్యం వంతగా ఉన్న మామ పోయిన సంక్రాంతికి కాలం చేశాడు. రెండో వంత బెంగుళూరు పనికి పోయాడు. నాన్న మాటాడ్డం తగ్గించాడు, సరిగ్గా తినడు. గొంతు రెండు నెలలుగా జీరగా ఉంది. రాత్రి రెండింటికి లేచి గొణుక్కుంటుంటే మా ఆవిడ భయపడుతోంది. కథలు పోకూడదని ఫోను ఎదురుగా పెట్టి కాటమరాజు కథ చెప్పమన్నాను. నాలుగు చరణాలు పాడి, ‘ఎవురికి చెప్పమంటావురా?’ అని లేచిపోయాడు. ఇంకో సంగతి. పదో తరగతిలో ఉన్నప్పుడు తిరునాళ్ళలో నాన్న కథ చెబుతుంటే, ఆయన మా నాన్న కాదని స్నేహితులతో అన్నాను. ఆయన విన్నాడో లేదో ఇప్పటికీ తెలియదు.

జవాబు: బాబూ, మీ నాన్నగారు విసుక్కుని లేచారని మీరనుకుంటున్నారు. నాకైతే ఆయన నిజంగానే అడిగారనిపిస్తోంది. ఆ ప్రశ్నకు మీరింకా జవాబు చెప్పలేదు.

బుర్రకథ ఒక్కడు చెప్పే కథ కాదని మీకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తంబురా భుజాన వేసుకుని, వేళ్ళకు తాళం వేసే లోహపు అందెలు తొడిగి కథకుడు చరణం ఎత్తుకుంటాడు. అటొకరు ఇటొకరు వంతలు డక్కీలనే చిన్న వాద్యాలతో ‘తందానా’ అని అందుకుంటేనే ఆయనకు ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది. మీరు అడిగిన కాటమరాజు కథే చూడండి. కాటమరాజుతో పుల్లరి, అంటే పశువుల మేత పన్ను, తగాదాలో నెల్లూరు రాజు మనుమసిద్ధి పక్షాన పోరుకు వెళ్ళిన ఖడ్గతిక్కన వెనుదిరిగి ఇంటికొస్తాడు. భార్య నీళ్ళు తోడి, మంచం అడ్డంపెట్టి, పసుపు ముద్ద పెడుతుంది. కథకుడు అక్కడ ఆగుతాడు. ‘ఇదేందన్నా, మంచం అడ్డమెందుకు, నీళ్ళు పోసుకునేది ఆడోళ్ళా?’ అని హాస్యం వంత అమాయకంగా అడిగితే, ఆ దెబ్బ వినేవాళ్ళందరికీ తగులుతుంది. మీ ఇంట్లో అది అడిగే మనిషి పోయాడు. ఫోను అడగదు.

రాత్రి గొణుగుడు గురించి ఒక మాట. ఈసారి లైటు వేయకుండా తలుపు దగ్గర నిలబడి వినండి. చరణం చివర ఆగుతున్నారేమో గమనించండి. ఆగుతుంటే అది మామ కోసమే అయి ఉంటుంది. మీ ఆవిడకు ఆ సంగతి చెబితే సగం భయం పోతుంది.

కొన్నాళ్ళు రికార్డింగు పక్కన పెట్టి, మీరు వంతగా కూర్చోండి. రాగం రాకపోయినా ఫరవాలేదు, ‘తందానా’ అనడం వస్తే చాలు. ఇంట్లోనో పక్కింట్లోనో చిన్నపిల్లలుంటే పిలవండి. ‘ఎందుకు తాతా?’ అని పిల్లలు అడిగే ప్రశ్నలు హాస్యం వంత ప్రశ్నలకు ఏమీ తీసిపోవు. బెంగుళూరులో ఉన్న ఆయనకు ఫోను కలిపి ఇద్దరినీ మాట్లాడించండి. పండక్కి వస్తే రెండు రోజులు మీ ఇంట్లోనే ఉంచుకోండి. కథ మళ్ళీ నడక అందుకున్నాక, నాన్ననే అడిగి ఫోను ఒక మూల పెట్టండి.

గొంతు మాత్రం వాయిదా వేయకండి. మూడు వారాలు దాటిన జీరను చెవి ముక్కు గొంతు డాక్టరు చూసి తీరాలి. బీడీ, పొగాకు అలవాటుంటే ఇంకా తొందరపడండి. ఒంగోలు ప్రభుత్వాసుపత్రిలోనే చూపించవచ్చు. గొంతుకు విశ్రాంతని గుసగుసగా మాట్లాడనివ్వకండి, దానివల్ల ఇంకా ఒత్తిడి పడుతుంది. తిండి, నిద్ర ఇలాగే ఉంటే మనసు డాక్టరుకూ చూపించండి. 14416 మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ‘బతకాలని లేదు’ లాంటి మాట ఆయన నోట వస్తే ఆ రోజే ఫోను చేయండి, ఒంటరిగా వదలకండి.

ఇక ఆ తిరునాళ్ళ మాట. జనంలో ఏ మూల ఎవరు లేచిపోతున్నారో కథకుడి కంట పడుతుంది. కన్నకొడుకు పడడా? మాట వినపడకపోయినా మీరు మొహం తిప్పుకోవడం చూసే ఉంటారని నా నమ్మకం. రంగు పూసుకుని, గజ్జెలు కట్టుకుని చదివింపులు పుచ్చుకునే తండ్రిని చూసి పదిహేనేళ్ళ పిల్లాడు సిగ్గుపడ్డాడు. దానికి మిమ్మల్ని నేను తిట్టను. కానీ ఇన్నేళ్ళు మోశారు కదా, ఆయన ఉండగానే దించుకోండి. అందరి ముందూ వద్దు, ఇద్దరే ఉన్నప్పుడు. ‘ఆరోజు నువ్వు మా నాన్న కాదన్నాను, తప్పయింది నాన్నా’ అనండి, అంతే. కారణాలు చెప్పకండి. ఆయన ఏమీ అనకపోతే లేచి వెళ్ళకుండా పక్కనే ఉండండి. మామ సంగతులు కూడా మీరే ఎత్తండి, ఆయన బాధపడతాడని దాచకండి.

అందెలు, తంబురా పల్లెలోనే ఉండిపోయి ఉంటే, వచ్చే ఆదివారం నాన్నను వెంటబెట్టుకుని వెళ్ళి తెచ్చుకోండి. పెట్టె తాళం ఆయన్నే తీయనివ్వండి.