మూలకణాల పరిశోధన చేస్తానంటున్న అమ్మాయికి దారి ఏది?

ప్రశ్న: అమలాపురం దగ్గర కొబ్బరి తోట, కొద్దిపాటి వరిచేను ఉన్న రైతును. మా అమ్మాయి బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. మా చెల్లెలి కొడుక్కి డుషేన్ కండర క్షీణత వ్యాధి ఉంది. భోజనం చేసి నేల మీద నుంచి లేవాలంటే మోకాళ్లు, తొడలు చేతులతో అదుముకుంటూ లేస్తాడు. వాడి కోసం మూలకణాల పరిశోధన చేస్తాను, నీట్ రాయను అంటోంది. ఏమి చేయమంటారు?

సమాధానం: అమ్మాయి ఎంచుకున్న రంగం మంచిదే గాని, ‘వాడి కోసం’ అన్న మాటను మాత్రం మీరు నెమ్మదిగా పక్కకు తప్పించాలి. ఆమె స్వతంత్రంగా పరిశోధన చేసే స్థాయికి చేరడానికే పదేళ్లకు పైగా పడుతుంది. ఆ భారం చదువు మీద మోపితే తొలి వైఫల్యానికే కుంగిపోతుంది.

ఈ శాస్త్రం నిదానంగా సాగడానికి కారణాలున్నాయి. కండర తంతువును అంటిపెట్టుకుని ఉండే శాటిలైట్ కణాలను అలెగ్జాండర్ మౌరో 1961లో గుర్తించారు. కండరం దెబ్బతిన్నప్పుడు విభజన చెంది దాన్ని బాగుచేసే మూలకణాలు (స్టెమ్ సెల్స్) ఇవే. డుషేన్ వ్యాధిలో కండర తంతువులకు బలమిచ్చే డిస్ట్రోఫిన్ ప్రోటీన్ లోపించి తంతువులు పదేపదే తెగిపోతుంటే, ఈ కణాలు ఆ నష్టాన్ని పూడ్చలేకపోతాయి. ఆ ప్రోటీన్ లేకపోవడం వల్ల ఈ కణాల విభజన కూడా గతి తప్పుతుందని 2015లో తేలింది. 1990లలో ఆరోగ్యవంతుల కండర కణాలను రోగులకు ఎక్కించి చూశారు గాని, చాలా కణాలు త్వరగా చనిపోయాయి, బతికినవి సూది గుచ్చిన చోటు దాటి పెద్దగా వ్యాపించలేదు. పైగా గట్టి ప్లాస్టిక్ పళ్లెంలో పెంచితే ఈ కణాలు మూలకణ స్వభావాన్నే కోల్పోతాయి. కండరమంత మెత్తని జెల్ మీద పెంచితే ఆ స్వభావం నిలుస్తుందని 2010లో చూపారు. మీ అమ్మాయి రేపు చేయబోయే పని ఇలాంటిదే: పళ్లేలు, జెల్‌లు, ఎలుకలు, మళ్లీ మొదటి నుంచి లెక్కలు.

అందుకే ‘స్టెమ్ సెల్’ అని పేరు తగిలించిన డిగ్రీలకు ఇప్పుడే డబ్బు కట్టవద్దు. విస్తృతంగా విజ్ఞానశాస్త్రం నేర్పే ఐసర్ (కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన విద్యాసంస్థ) ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ మేలు; తిరుపతిలోనే ఒకటి ఉంది. ప్రవేశ పరీక్షలోని 60 ప్రశ్నల్లో 15 గణితంవి. బైపీసీ పిల్లలు అక్కడే వెనకబడతారు కాబట్టి ఈ ఏడాది గణితానికి రోజూ గంట కేటాయించాలి. ఆ తర్వాత పీహెచ్‌డీకి హైదరాబాద్‌లోని సీసీఎంబీ, బెంగళూరులోని ఇన్‌స్టెమ్ వంటి జీవశాస్త్ర పరిశోధన సంస్థలున్నాయి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది. వైద్యుల ఆదాయంతో పోల్చుకుంటే మాత్రం నిరాశ తప్పదు.

నీట్ మానేయడం అనవసరమని నా అభిప్రాయం. మూడు సబ్జెక్టులు రెండు పరీక్షలకూ ఉమ్మడే. ఎంబీబీఎస్ చదివినవారూ పరిశోధనలోకి రావచ్చు. రెండూ రాయించి, ఫలితాలు చూశాక అమ్మాయినే నిర్ణయించుకోనివ్వండి. లాంగ్‌టర్మ్ కోచింగ్‌కు మాత్రం బలవంతంగా పంపవద్దు.

అడగకపోయినా రెండు మాటలు. ఈ వ్యాధికి మూలకణాల ఇంజెక్షన్లు ఇస్తామని డబ్బు అడిగేవారు ఎదురైతే నమ్మవద్దు. అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లో తప్ప అలా ఇవ్వరాదని 2017 నాటి జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇక, ఇది ఎక్స్ క్రోమోజోము ద్వారా వచ్చే వ్యాధి, మగవారికి ఉండేది ఒకే ఎక్స్ కనుక, ఆరోగ్యంగా ఉన్న మీ నుంచి మీ అమ్మాయికి సంక్రమించదు. మీ చెల్లెలిలో ఆ జన్యులోపం ఉందేమో తెలుసుకోవడానికి మాత్రం జన్యు పరీక్ష చేయించండి.